శరణార్థుల గురించి రాసేవాడి సాక్ష్యం

ఆ మధ్య విజయనగరంలో ఇషా నమాజు ముగిసి, జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఒక యువకుడు మమ్మల్ని ఆపాడు. "చాచా, పది నిమిషాలు కూర్చుంటారా? ఒక మస్‌అలా అడగాలి" అన్నాడు. తలాఖ్ సంగతో బ్యాంకు వడ్డీ సంగతో అయి ఉంటుందనుకున్నాం. మా దగ్గరకు వచ్చే ప్రశ్నలు చాలావరకు అవే. కాని అతడు ఫోను తీసి తెలుగు వికీపీడియా తెరిచాడు.

"నేను ఇందులో రాస్తుంటాను. బర్మా నుంచి తరిమివేయబడిన రోహింగ్యా శరణార్థుల వ్యాసం పెంచుతున్నాను. అందులో ఒక వాక్యం తీసేశాను. తీసేసినందుకు పాపమా, ఉంచితే పాపమా, తేల్చుకోలేకపోతున్నాను" అన్నాడు.

ఆ వాక్యం ఏమిటో కాసేపాగి చెబుతాం. ముందు ఇంట్లోని పెద్దవారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. వికీపీడియా అంటే ఫోనులోనూ కంప్యూటరులోనూ ఉచితంగా చదువుకొనే విజ్ఞాన సర్వస్వం. 2001లో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగులో 2003 డిసెంబరులో మొదలై, ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలకు చేరింది. చదివేవాడే ఇందులో రాయవచ్చు. ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దవచ్చు. ఎవరు ఏ రోజు ఏ మాట చేర్చారో, ఏ మాట తీసేశారో అంతా పక్కనే భద్రంగా ఉంటుంది, ఎవరైనా తెరచి చూడవచ్చు. (ఇది విన్నప్పుడు మన భుజాల మీద కూర్చుని రాసే ఇద్దరు గౌరవనీయ లేఖకులు మాకు గుర్తుకు వచ్చారు. ఆ సంగతి చెబితే కుర్రవాడు నవ్వాడు.) అందులో రాసేవారికి కొన్ని నియమాలున్నాయి. చెప్పే ప్రతి సంగతికీ అచ్చయిన ఆధారం చూపాలి. ఏ పక్షానికీ వకాల్తా పుచ్చుకోకూడదు. సొంతగా కనిపెట్టినది రాయకూడదు. యుద్ధం నడుస్తున్న ప్రాంతాల విషయంలో కట్టుదిట్టాలు మరీ ఎక్కువ. ఇంగ్లీషు వికీపీడియాలో పాలస్తీనా, ఇజ్రాయీల్ వివాదానికి చెందిన వ్యాసాలను ముట్టుకోవాలంటే ఖాతా తెరచి కనీసం 30 రోజులు గడవాలి, కనీసం 500 దిద్దుబాట్లు కూడా చేసి ఉండాలి.

ఇన్ని కట్టుబాట్లు ఎందుకని అడిగితే అతడే తన తప్పు ఒకటి చెప్పాడు. 2012లో రఖైన్ రాష్ట్రంలో అల్లర్లు జరిగినప్పుడు ఒక ఫోటో ఊరూరా తిరిగింది. గుట్టలుగా పడి ఉన్న శవాలు, వాటి మధ్య ఎర్రటి వస్త్రాలలో బౌద్ధ సన్యాసులు. బర్మాలో ముస్లింలను ఇలా ఊచకోత కోశారని దాని కింద రాసి ఉండేది. అప్పటికి స్కూలు పిల్లవాడైన అతడు దాన్ని చూసి ఏడ్చాడు, పదిమందికి పంపాడు. నిజానికి ఆ ఫోటో 2010లో చైనాలోని యూషు అనే టిబెటన్ల ప్రాంతంలో భూకంపం వచ్చినప్పటిది. ఆ సన్యాసులు చనిపోయినవారికి అంత్యక్రియలు జరపడానికి వచ్చినవారు. శవాలను సాగనంప వచ్చినవారిని మనం హంతకులుగా చూపించామన్నమాట. దాచడమెందుకు, ఆ ఫోటో మా చేతికీ వచ్చింది, మేమూ నలుగురికి చూపించాం.

అవతలి పక్షమూ ఇదే పని చేసింది. 2018 జూలైలో బర్మా సైన్యం ఒక పుస్తకం వేసింది. రోహింగ్యాలు బయటినుంచి చొరబడినవారని నిరూపించడానికి అందులో పాత ఫోటోలు అచ్చువేశారు. రాయిటర్స్ వార్తాసంస్థ ఆరా తీస్తే అందులో ఒకటి 1971లో ఢాకాలో తీసినదని తేలింది. మరొకటి 1996 నాటి రువాండా శరణార్థులది. దాని రంగులు తీసేసి పాతకాలపు ఫోటోలా కనిపించేటట్లు చేశారు. సైన్యం తరువాత క్షమాపణ చెప్పుకుంది.

సైన్యం అబద్ధమాడితే ఆశ్చర్యం లేదు, బాధా లేదు. పీడితుని పక్షాన నిలబడినవాడు అబద్ధమాడితే నష్టపోయేది పీడితుడే. ఒక్క దొంగ ఫోటో బయటపడిందంటే నిజమైన వంద ఫోటోలనూ పక్కకు తోసేయడానికి పీడకునికి సాకు దొరుకుతుంది. దుర్వర్తనుడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోండి, లేకపోతే తెలియక ఒక జనానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా 6వ వాక్యం మనల్ని హెచ్చరిస్తోంది. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునని దైవప్రవక్త (స) అన్నట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. చేతిలో ఫోను ఉన్నవారికి ఇంతకంటే సూటిగా తగిలే హదీసు మరొకటి ఉందేమో మాకు తెలియదు.

ఇక లెక్కల సంగతి. 2017 ఆగస్టు 25 తరువాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు. ఎంతమంది హతులయ్యారు అన్నదానికి బర్మా ప్రభుత్వం చెప్పింది సుమారు 400. 'సరిహద్దులు లేని వైద్యులు' అనే అంతర్జాతీయ సంస్థ కాక్స్ బజార్ శిబిరాలలో కుటుంబాలను విచారించి, మొదటి నెల రోజుల్లోనే కనీసం 6,700 మంది హింసకు బలయ్యారని అదే ఏడాది డిసెంబరులో ప్రకటించింది. మన యువకుడు రెండు అంకెలూ రాశాడు. తటస్థంగా ఉండాలన్నారు కదా అని రెండింటినీ పక్కపక్కనే, సమానంగా నిలబెట్టాడు. "ఇదే కదా న్యాయం?" అని అడిగాడు.

కాదని మా అభిప్రాయం. తటస్థత అంటే నిజానికీ అబద్ధానికీ నడుమ చాప వేసుకుని కూర్చోవడం కాదు. ఖాజీ ముందు ఇద్దరు నిలబడితే సగం సొమ్ము ఇతనికి, సగం అతనికి పంచి పంపడు కదా. ఎవరి దగ్గర ఎలాంటి రుజువుందో చూస్తాడు. ఇంటింటి మాట విని, ఎలా లెక్కపెట్టామో చెప్పి ఇచ్చిన అంకె వేరు. దాడి చేసిందన్న ఆరోపణ మోస్తున్నవారే ఇచ్చుకున్న అంకె వేరు. ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు, ఆ లెక్కవల్ల ఎవరికి లాభం అన్నది అంకె పక్కనే రాయాలి. అప్పుడు చదివేవాడు తానే తూచుకుంటాడు. హదీసు వేత్తలు చేసినదీ ఇదే. ఫిత్నా చెలరేగక ముందు చెప్పినవారెవరని ఎవరూ అడిగేవారు కాదు, చెలరేగిన తరువాత ప్రతి ఉల్లేఖకుని పేరూ అడగసాగారు అని ఇబ్నె సీరీన్ (రహ్మ) చెప్పారు. అంతర్యుద్ధం వచ్చినప్పుడే సనదు అవసరం పడిందన్నమాట.

సరే, ఆ వాక్యం దగ్గరకు వద్దాం. 2018 మేలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక నివేదిక వెలువరించింది. రోహింగ్యాలపై సైన్యం సాగించిన దురంతాలను లోకానికి చాటిన సంస్థలలో అదీ ఒకటి. ఆ నివేదిక ప్రకారం, 2017 ఆగస్టులో మౌంగ్‌డా ప్రాంతంలోని ఖా మౌంగ్ సెయిక్ గ్రామాల దగ్గర ఆర్సా అనే రోహింగ్యా సాయుధ ముఠా 99 మంది దాకా హిందువులను చంపింది. వారిలో ఆడవారున్నారు, పిల్లలున్నారు. ఆ ముఠా తాము చేయలేదంది.

యువకుడు తీసేసిన వాక్యం అది. అతడి వాదన బలహీనమైనదేమీ కాదు. "లక్షలమంది గోడు చెప్పే వ్యాసంలో ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, చూశారా వాళ్ళు ఇలాంటివాళ్ళు అంటారు చాచా. పక్కింటివాడు అంటాడు, టీవీవాడు అంటాడు. మన దేశంలో ఉన్న రోహింగ్యా కుటుంబాలు కూడా దీనికి మూల్యం చెల్లించాలి. నిజమే అయినా చెప్పి తీరాలని ఏముంది?"

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం జనాభాలో నూటికి ఒక్కరం కూడా కాము. పక్కింటివాడు ఏమంటాడో అన్న బెరుకు ఏమిటో మాకు తెలియనిది కాదు. అందుకే వెంటనే జవాబివ్వలేదు. ఇంటికి వెళ్ళి నిసా సూరా 105వ వాక్యం నుంచి మళ్ళీ చదువుకున్నాం. వ్యాఖ్యాతలు ఆ వాక్యాలకు చెప్పే సందర్భం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మదీనాలో ముస్లిముల్లో చెల్లుబాటయ్యే తుఅమా అనే ఒకడు ఒక కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదుని మీదకు నెట్టాడు. అతని వంశంవారు గుంపుగా వచ్చి మావాడు మంచివాడని దైవప్రవక్త (స) ముందు వాదించారు. ఆ రోజుల్లో మదీనాలో ముస్లిములకు శత్రువులు తక్కువేమీ కారు. మనవాడు దొంగ అని బయటపడితే శత్రువులు నవ్వుతారన్న వాదన అప్పుడూ చేయవచ్చు. అయినా ద్రోహుల తరఫున వాదించవద్దనే వహీ దిగింది. యూదుడు నిర్దోషి అయ్యాడు. అదే సూరా 135వ వాక్యం న్యాయం కోసం నిలబడి సాక్ష్యమివ్వమంటుంది. ఆ సాక్ష్యం మీకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా సరే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎవరి లోపమైనా కప్పిపుచ్చడం మన ధర్మంలో పుణ్యమే. శిబిరంలో ఉన్న ఒక స్త్రీ పేరు, ఆమెపై జరిగిన అఘాయిత్యం, ఆమె ముఖం, ఇవి రాయనక్కరలేదు, రాయకూడదు కూడా. కాని నూరుమంది ప్రాణాలు తీసినవాడి నేరం లోపం కాదు, హక్కుల విషయం. ఆ గ్రామాల హిందువులు కూడా హతులే. బతికి బయటపడ్డవారిలో కొందరు శరణార్థులు కూడా అయ్యారు. శరణార్థుల వ్యాసం నుంచి శరణార్థులనే తొలగించడం ఎలా సబబు?

అయితే ఆ వాక్యం ఎంత పొడుగుండాలి, ఎక్కడ ఉండాలి అన్నది వేరే ప్రశ్న. మూడు పేరాలు పెంచి వ్యాసానికి తలకాయలా పెడితే అదీ అన్యాయమే. జరిగినది జరిగినంత, ఎవరు చెప్పారో చెప్పి, నిందితులు ఏమన్నారో చెప్పి వదిలేయాలి. ఆ మాటే అతడికి చెప్పాం. వారం తరువాత ఆ వాక్యాన్ని తిరిగి పెట్టానని ఫోను చేశాడు. ఆ వ్యాసానికి పని ఇంకా తరుగుతూ లేదు. 2023 నవంబరులో అరకాన్ ఆర్మీకీ సైనిక ప్రభుత్వానికీ పోరు మళ్ళీ రాజుకుంది. సైన్యం రోహింగ్యా కుర్రాళ్ళనే బలవంతంగా పట్టుకుని యుద్ధంలోకి తోసింది. 2024 డిసెంబరులో మౌంగ్‌డా అరకాన్ ఆర్మీ వశమైంది. ఏడాదిన్నరలో మరో లక్షన్నర మంది బంగ్లాదేశ్‌కు వచ్చారని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ 2025 జూలైలో చెప్పింది. నిన్నటి పీడకుడు, నేటి పీడకుడు ఒకరే కారు. పీడితుని చేతికి పీడకుడే తుపాకి ఇచ్చాడు. ఇలాంటి వేళ ముందే పక్షం కట్టుకున్నవాడు సరిగా రాయలేడు.

ఫోను పెట్టేయబోతూ అతడు ఒక మాటన్నాడు. "మనవాళ్ళ తప్పు రాయడానికి పుస్తకాలు, నివేదికలు ఉన్నాయి చాచా. మనవాళ్ళ చావు రాయడానికి ఏముంది? మా దాదీ చెప్పేది ఏ పుస్తకంలో ఉంది?"

అతడి దాదీ చెప్పేది ఈ బర్మా గురించే. మన జిల్లాల పాత కుటుంబాలలో రంగం పేరు వినని ఇల్లు అరుదు. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి మనవాళ్ళు అక్కడికి పోయేవారు. రేవులో బస్తాలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. అక్కడివారు తెలుగువారిని కోరంగీలనేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైనే. రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ నగరంపై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఓడ దొరికినవారు ఓడెక్కారు. దొరకని లక్షలాది మంది కాలినడకన బయలుదేరారు. కొందరు టౌంగుప్ కనుమ దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్ చేరారు. కొందరు తమూ మీదుగా మణిపూర్‌కు, ఇంకొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాంకు వచ్చారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఆ అరకాన్ పేరే నేడు రఖైన్. ఈనాడు రోహింగ్యాలు ఏ నేల నుంచి పారిపోతున్నారో, ఆనాడు మన తాతలు ఆ నేల మీదుగానే పారిపోయి వచ్చారు.

ఆ దారుల్లో ఎంతమంది చనిపోయారు? పది వేలని కొందరు, యాభై వేలని కొందరు, ఎనభై వేల దాకా అని మరికొందరు చరిత్రకారులు రాశారు. అంకెల మధ్య ఇంత ఎడం ఎందుకంటే, సరిహద్దు ఇవతలి శిబిరాలకు చేరినవారిని లెక్కపెట్టినవారున్నారు. చేరనివారిని లెక్కపెట్టినవారు లేరు. ఇక ఆ చనిపోయినవారిలో మన ప్రాంతంవారెందరు అంటే, శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ఆనాడు ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. అప్పటి కాగితాల్లో మన జిల్లాల పేరుతో వెతికితే ఏం దొరుకుతుంది?

ఒక ఆదివారం అతడితో కలిసి దాదీ దగ్గరకు వెళ్ళాం. ఆమె నడిచినది కాదు. నడిచింది ఆమె అత్తగారు. ఆమె చెప్పినది ఈమె విన్నది.

"దారి పొడుగునా లక్షమంది పడిపోయారట బాబూ" అంది.

"మీ అత్తగారు ఎంతమందిని చూశారు దాదీ?" అని మనవడు అడిగాడు.

"ఆవిడెక్కడ చూసింది? నడిచేవాళ్ళకి ముందువాడి కాళ్ళే కనపడతాయి. ఆవిడ చూసింది ఒక్కదాన్నే. చంకలో పిల్ల. కనుమ దిగకముందే పోయింది."

యువకుడు చాలాసేపు ఏమీ రాసుకోలేదు. తరువాత నోటుబుక్కులో రెండు గడులు గీశాడు. ఒకదానిపై 'చూసినది', రెండోదానిపై 'విన్నది' అని పెట్టాడు. లక్షమంది రెండో గడిలోకి వెళ్ళారు. పిల్ల మొదటి గడిలోకి వచ్చింది. ఇల్లు చేరినది ఎప్పుడని అడిగితే దాదీ సంవత్సరం చెప్పలేకపోయింది. విజయనగరం స్టేషనులో దిగేసరికి విశాఖ మీద బాంబులు పడి, అక్కడి జనం మూటలతో ఇటు వస్తున్నారని అత్త చెప్పేదట. విశాఖపట్నంపై జపాన్ బాంబులు పడినది 1942 ఏప్రిల్ 6న. సంవత్సరం చెప్పలేని దాదీ మాటకు తేదీ దొరికింది.

అయినా ఇది విజ్ఞాన సర్వస్వంలోకి రాదు. అచ్చయిన ఆధారం కావాలన్న నియమానికి దాదీ మాట నిలబడదు. "అయితే ఆ పిల్లకు చోటు లేదన్నమాట" అన్నాడతడు కాస్త కోపంగా. నియమం తప్పని మేము అనలేం. ఎవరి దాదీ మాట వారు రాసుకోవచ్చంటే 2012 నాటి ఫోటోలాంటివన్నీ తలుపు తోసుకుని వస్తాయి. కాని నియమం ఒప్పయినంత మాత్రాన అతడి కోపం తప్పు కాదు. మన ముందు వలస చరిత్రలోనే ఒక సంగతి ఉంది. హబషాకు వలస వెళ్ళిన ముస్లిములను అప్పగించమని ఖురైషీయుల దూతలు కానుకలతో వచ్చి నజాషీ చక్రవర్తిని అడిగారు. ఆయన దూతల మాట మీదనే నిర్ణయం చేయలేదు. శరణార్థులను పిలిపించి హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) నోటనే విన్నాడు. బర్మా నడక నడిచి వచ్చినవారిని ఎనభై ఏళ్ళలో మనలో ఎందరం పిలిచి విన్నాం? మన మస్జిదుల్లో చందా లెక్కలకు రిజిస్టర్లున్నాయి. దీనికి ఒక్కటీ లేదు. రాయడం వచ్చినవాడు రాయడానికి నిరాకరించరాదని బఖర సూరా 282వ వాక్యం అప్పు పత్రం విషయంలోనే అంత గట్టిగా చెప్పింది. తప్పు విజ్ఞాన సర్వస్వంది కాదు. ఆధారం అచ్చు కాలేదంటే అచ్చు వేయనివాళ్ళం మనమే.

అందుకే దాదీ మాటను, ఆమెలాంటి మరికొందరి మాటను, ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ వరుసతో సహా రాసి చిన్న పుస్తకంగా వేయాలని అనుకున్నాం. అది అచ్చయ్యాక వేరే ఎవరైనా తూచి చూసి, నిలుస్తుందనుకుంటే వ్యాసంలో వాడుకుంటారు, లేదంటే లేదు.

మొన్న జుమా నాడు ఆ యువకుడు మళ్ళీ కనిపించాడు. పిల్ల పేరు దాదీకి గుర్తుకు వచ్చిందట. "రాశావా?" అని అడిగాం. ఇంకా రాయలేదన్నాడు. దాదీ ఆడపడుచు కూతురు శ్రీకాకుళంలో ఉంది, వచ్చే ఆదివారం వెళ్ళి ఆమెనూ అడుగుతానని, పేరు ముందుగా తాను చెప్పకుండా అడుగుతానని, ఇద్దరూ ఒకే పేరు చెబితే అప్పుడు రాస్తానని అన్నాడు.